ఏ తీరం? ఏ తిథి? ఏ వేళ?

వేసవి సెలవులకు సముద్రతీరానికి వెళ్లాలనుకునే కుటుంబాలు సాధారణంగా ముందు ఊరి పేరు ఖాయం చేసుకుని, తరువాత రైలు టికెట్లు, బస చూసుకుని, అక్కడి నేల ఎలా వాలి ఉంటుందో, నీరు ఎలాంటిదో, ఏ వేళకు దిగవచ్చో మాత్రం ఇసుకలో అడుగుపెట్టాకే తెలుసుకుంటాయి. ఈ వరుస తిరగబడాలి. తీరపు స్వభావం, వెళ్లే తిథి, నీటి దగ్గర గడిపే వేళ, ఈ మూడూ నిర్ణయించుకున్నాక ఊరి పేరు దానంతట అదే తేలుతుంది. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు సాగే ఆంధ్రప్రదేశ్ తీరరేఖను చాలాకాలం 974 కిలోమీటర్లుగా లెక్కించారు. తీరపు వంపులను మరింత సూక్ష్మంగా కొలిచిన ఇటీవలి లెక్కల్లో అది 1,050 కిలోమీటర్లు దాటింది. ఇంత పొడవునా ఒకే సముద్రం ఉన్నా ఒకే రకం తీరం లేదు. పసిపిల్లలతో వెళ్లే కుటుంబానికి అనువైన చోటు వేరు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అనువైన చోటు వేరు, ఈత వచ్చిన యువకులు దిగదగిన నీరు వేరు.

సముద్రాన్ని సరదాకు చూడటం తెలుగువారికి పాత అలవాటు కాదు. కార్తిక, మాఘ పౌర్ణములకు సూర్యలంకలోనో, మంగినపూడిలోనో, హంసలదీవిలోనో మూడు మునకలు వేసి, దీపమో అర్ఘ్యమో విడిచి, తడిబట్టలతో బండెక్కి తిరిగి రావడమే తరతరాల ఆచారం. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకరాదన్న నియమం ఇప్పటికీ చాలా ఇళ్లలో వినిపిస్తుంది. సెలవు గడపడానికి సముద్రం ఒడ్డున బస చేయడమన్నది ఐరోపాలో, ముఖ్యంగా 18వ శతాబ్దపు ఇంగ్లండులో బలపడిన పద్ధతి. రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు ఉప్పునీటి స్నానాన్ని మందుగా సిఫారసు చేయడంతో బ్రైటన్ వంటి జాలరి పల్లెలు విడిది పట్టణాలయ్యాయి. ఆ అలవాటును వెంట తెచ్చుకున్న దొరలే వాల్తేరులోను, భీమునిపట్నంలోను ఎత్తు మీద బంగళాలు కట్టుకున్నారు. నేటి తెలుగు కుటుంబం ఈ రెండు సంప్రదాయాలకూ వారసురాలే అయినా, పర్వస్నానంలోని క్లుప్తతను వదిలేసి విడిదిలోని దీర్ఘతను మాత్రం తీసుకుంది. నిమిషాల్లో ముగిసే మునకల స్థానంలో గంటల తరబడి నీటిలో ఉండటం వచ్చింది కనుక, ఆ నీటి గురించి తెలియవలసింది కూడా అంతే పెరిగింది.

మూడు రకాల తీరం

ఉత్తరాన తూర్పు కనుమలు సముద్రానికి బాగా దగ్గరగా వస్తాయి. విశాఖపట్నంలోని డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు, కైలాసగిరి నేరుగా నీటి అంచున నిలబడి ఉంటాయి కాబట్టి, ఇక్కడ నేల త్వరగా వాలిపోయి కొద్ది అడుగులకే లోతు వస్తుంది, రాళ్లు నీటిలో దాగి ఉంటాయి, అలలు ఒడ్డుకు బాగా దగ్గరికి వచ్చి ఒక్కసారిగా విరుగుతాయి. అందువల్ల విశాఖ తీరం కంటికి ఎంత ఇంపైనదో స్నానానికి అంత అనుకూలమైనది కాదన్న మాటను నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. ఈ నగరం బలం నీటిలో కంటే ఒడ్డున ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఐఎన్ఎస్ కుర్సుర జలాంతర్గామిని బీచ్ రోడ్డు పక్కన మ్యూజియంగా నిలిపారు. భీమిలి దారిలో సముద్రం వైపు చూస్తూ తొట్లకొండ, బావికొండ బౌద్ధారామాల శిథిలాలున్నాయి. ఆ దారిలోనే గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్లలో చెక్కిన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఈ దిబ్బలకు జాతీయ భూవారసత్వ స్థలమన్న గుర్తింపు కూడా ఉంది. నీటిలోకి దిగని పెద్దలున్న కుటుంబానికి నాలుగు రోజులు సరిపడా విషయం ఇక్కడ దొరుకుతుంది.

దిగి తీరాలనుకునేవారికి ఈ ప్రాంతంలో రుషికొండ ఉన్నంతలో మేలు. 2020లో దేశంలో తొలిసారి బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో ఇది ఒకటి. బ్లూఫ్లాగ్ అంటే డెన్మార్క్‌లోని పర్యావరణ విద్యా సంస్థ ఒకటి నీటి నాణ్యత, పరిశుభ్రత, భద్రత, సమాచారం వంటి అంశాల్లో 33 ప్రమాణాలు పరీక్షించి ఇచ్చే నీలిజెండా. అది ఒకసారి ఇస్తే శాశ్వతంగా ఉండేది కాదు, ఏటా నిలబెట్టుకోవలసినది. 2025 మొదట్లో నిర్వహణ లోపాల వల్ల రుషికొండ ఆ జెండాను కొంతకాలం పోగొట్టుకుని, మళ్లీ దక్కించుకుంది. కాబట్టి జెండా ఉందన్న పాత వార్తను నమ్ముకోకుండా, వెళ్లే రోజున ఈతకు హద్దులు గుర్తించారా, రక్షకులు కాపలాలో ఉన్నారా అన్నది చూసుకోవాలి. ఇంకా ఉత్తరంగా వెళితే బారువ, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరాలు జనసమ్మర్దం లేనివి. శాలిహుండం బౌద్ధక్షేత్రం, అరసవల్లి, శ్రీకూర్మం ఆలయాలు కళింగపట్నానికి చేరువలో ఉండటం వల్ల అక్కడ రోజంతా ఇసుకలోనే గడపవలసిన పని లేదు. నదీముఖం దగ్గర మాత్రం నీటిలోకి దిగకపోవడమే మంచిది.

కాకినాడ నుంచి కృష్ణా ముఖద్వారం వరకు ఉన్నది డెల్టా తీరం, అంటే నదులు మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడిన నేల. గోదావరి ఒండ్రుతో పెరిగిన హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటంతో కాకినాడ అఖాతంలో నీరు నెమ్మదిగా ఉంటుంది. దానికి కాస్త ఉత్తరాన, ఆ రక్షణ లేని ఉప్పాడలో సముద్రం ఏటా నేలను కోసుకుంటూ బీచ్ రోడ్డును పదేపదే మింగుతోంది. కొద్ది దూరంలోనే ఇంత తేడా ఉన్న ఈ చోటు సముద్రం పనితీరును పిల్లలకు చూపడానికి తగినదే గాని, ఉప్పాడ స్నానాల తీరం కాదు. అక్కడికి జాంధానీ చీరల కోసం వెళ్లడం ఉత్తమం. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో ఇసుకకు బదులు నల్లటి బంకమన్ను కాళ్లకు తగులుతుంది. నేల వాలు చాలా తక్కువ కావడంతో చాలా దూరం నడిచినా నీరు మోకాలి దగ్గరే ఉంటుంది. నీరు మట్టిరంగులో ఉంటుంది కనుక ఫొటోలో అందంగా కనిపించకపోవచ్చు గాని, అల మీద పడితే బెదిరిపోయే చిన్నపిల్లలకు ఇంత సౌమ్యమైన నీరు తీరంలో మరోచోట అరుదు. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి, హంసలదీవి దగ్గర పాలకాయతిప్పలో కృష్ణ సముద్రాన్ని చేరే దృశ్యం అపురూపమైనదే అయినా, సంగమాల అడుగున ఇసుక మేటలు ఎప్పటికప్పుడు చోటు మారుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోటే నేడు నిలువు లోతు ఉండవచ్చు. అది చూడవలసిన చోటు, దిగవలసిన చోటు కాదు.

కృష్ణకు దక్షిణాన బాపట్ల నుంచి నెల్లూరు వరకు పరుచుకున్నది ఇసుక తీరం. సరుగుడు తోటలు, జీడిమామిడి, తాటిచెట్లు, వాటిని దాటాక వెడల్పైన ఇసుకమేట, ఇదీ సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం, మైపాడుల రూపం. హైదరాబాద్, గుంటూరు, విజయవాడల వారికి రైలులో సులువుగా అందేవి బాపట్ల, చీరాల స్టేషన్లు. అక్కడి నుంచి తీరం ఆటోలో వెళ్లేంత దూరమే. లోతు తక్కువ తీరమన్న పేరు సూర్యలంకకు ఉన్నా, ఆ పేరు చూసి నిర్లక్ష్యంగా దిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. 2024లో బాపట్ల జిల్లా తీరంలో వరుస మరణాల తరువాత కొన్నాళ్లు పర్యాటకులను తీరానికి అనుమతించలేదు. శని, ఆదివారాల రద్దీలో రక్షకుల చూపు అందరి మీదా నిలవదు కాబట్టి, సెలవు దొరికే కుటుంబాలు మంగళ, బుధవారాల్లో వెళ్లడం అన్నివిధాలా లాభం. గది అద్దె కూడా తగ్గుతుంది. చీరాలలో బస చేసినవారు వేటపాలెంలోని సారస్వత నికేతనాన్ని చూడకుండా తిరిగి రాకూడదు. 1918లో మొదలైన ఆ గ్రంథాలయానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు, పాత తెలుగు పత్రికల భాండాగారంగా దానికి దేశమంతా పేరుంది. ఎండ మండే మధ్యాహ్నాన్ని గడపడానికి అంతకన్న చల్లని, గౌరవప్రదమైన చోటు ఈ తీరంలో లేదు.

అల విరగని చోటు

తీరంలో జరిగే మరణాల్లో ఎక్కువ భాగానికి కారణం లోతు కాదు, రిప్ కరెంట్. ఒడ్డుకు వరుసగా కొట్టుకొచ్చిన అలల నీరు ఏదో ఒక దారిన తిరిగి సముద్రంలోకి పోవాలి. అడుగున ఉన్న ఇసుకమేటలో గండి ఎక్కడ ఉంటే అక్కడ ఆ నీరంతా చేరి, ఇరుకైన వాగుగా మారి లోపలికి పరుగెత్తుతుంది. దాని వేగం కొన్నిసార్లు సెకనుకు రెండు మీటర్లకు చేరుతుంది, అంటే ఈతలో ఆరితేరినవారు కూడా ఎదురీదలేనంత. ప్రమాదమేమిటంటే, ఇది చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో ఒక పట్టీ మాత్రం అల విరగకుండా, కాస్త ముదురు రంగులోనో ఇసుక కలిసి మసకగానో కనిపిస్తుంది. నురుగు, ఆకులు, చెత్త ఆ పట్టీ వెంబడి ఒడ్డు నుంచి లోపలికి సాగిపోతుంటాయి. అలలు లేని చోటు కదా అని పిల్లలను సరిగ్గా అక్కడికే తీసుకెళ్లడం సర్వసాధారణమైన పొరపాటు. నీటిలో దిగేముందు పది నిమిషాలు ఎత్తైన చోట నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో గమనించడం ప్రతి కుటుంబం అలవాటు చేసుకోవాలి.

ఈ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మాత్రమే మోసుకెళుతుంది. అందులో చిక్కినవారు ఒడ్డు వైపు ఎదురీది అలసిపోవడం వల్లే మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా, అంటే తీరం పొడవునా పక్కకు ఈది, ఆ ఇరుకు పట్టీని దాటి, అలలు విరుగుతున్న చోటికి చేరితే ఆ అలలే ఒడ్డుకు నెడతాయి. ఈదలేనివారు వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి కేక వేయాలి. ఒడ్డున ఉన్నవారు ఆవేశంగా దూకకుండా, మూత బిగించిన ఖాళీ క్యాను, బంతి, టైరు ట్యూబు వంటి తేలే వస్తువు విసరాలి. ఒకరిని కాపాడబోయి మరొకరు, వారి కోసం ఇంకొకరు పోయిన దుర్ఘటనలు ఈ తీరానికి కొత్త కావు. ఇంజినీరింగ్ విద్యార్థులు పలువురు ప్రాణాలు కోల్పోయిన 2022 జూలై నాటి పూడిమడక విషాదం నుంచి విద్యాసంస్థలైనా ఈ పాఠాన్ని తరగతి గదుల్లోకి తీసుకెళ్లి ఉండవలసింది.

గాలి, చంద్రుడు

సముద్రతీరం చల్లగా ఉంటుందన్న నమ్మకం సగమే నిజం. పగలు నేల త్వరగా వేడెక్కి, సముద్రం నెమ్మదిగా వేడెక్కడం వల్ల నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, ఆ చోటును నింపడానికి సముద్రం మీది చల్లగాలి ఒడ్డుకు వీస్తుంది. అయితే అగ్నికార్తె, రోహిణి కార్తెల్లో ఈ సముద్రపు గాలికి పడమటి గాలి ఎదురు నిలుస్తుంది. పడమటి గాలి గెలిచిన రోజున సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. అప్పుడు బాపట్ల, మచిలీపట్నం వంటి తీర పట్టణాలు కూడా లోపలి ఊళ్లలాగే కాగిపోతాయి. గాలి వచ్చినా తేమ వల్ల ఉక్కపోత తప్పదు, మే నెలలో బంగాళాఖాతం ఉపరితల నీరే 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది. కనుక తీరంలో రోజుకు రెండు పూటలే ఉన్నాయనుకోవాలి. విశాఖలో మే చివర సూర్యోదయం సుమారు 5.20కి అవుతుంది, అప్పటి నుంచి ఎనిమిదిన్నర వరకు ఒక పూట, సాయంత్రం నాలుగున్నర తరువాత చీకటి పడేవరకు రెండో పూట. మధ్యలో ఇసుక మీద పిల్లలను వదలడం వడదెబ్బను కోరి తెచ్చుకోవడమే. చీకటి పడ్డాక నీటిలో ఉండటం ఎట్టి పరిస్థితిలోను తగదు.

ఎంచుకోవలసిన రోజును చెప్పేది పంచాంగం. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసే పౌర్ణమి, అమావాస్యల్లోను, ఆ తరువాతి ఒకటి రెండు రోజుల్లోను పోటు ఎక్కువ ఎత్తుకు లేచి, ఆటు ఎక్కువ దూరం వెనక్కి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెంటి మధ్య తేడా బాగా తగ్గుతుంది. విశాఖ దగ్గర పెద్ద పోటుకు, ఆటుకు మధ్య తేడా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. నేల వాలు తక్కువైన డెల్టా తీరంలో ఇదే తేడా పదుల మీటర్ల నేలను నీటికిందికి తెస్తుంది, ఒడ్డున పెట్టిన సామాను గంటలో తడిసిపోతుంది. చిన్నపిల్లలతో నీటిలో గడపదలచినవారికి అష్టమి చుట్టూ ఉన్న రోజులు మంచివి. నీటిలోకి దిగకుండా చూడటానికే వెళ్లేవారికి పౌర్ణమిని మించిన రోజు లేదు, తూర్పు తీరం కావడం వల్ల సముద్రంలో సూర్యాస్తమయం ఇక్కడ కనిపించదు గాని, పున్నమినాడు పొద్దు వెనుక కుంకేవేళకే ఎదుట నీటిలోంచి చంద్రుడు లేస్తాడు. వైశాఖ పౌర్ణమికి ఈ దృశ్యం కోసమే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోవచ్చు.

వేట నిషేధం, విందు

చేపల కోసమే తీరానికి వెళ్లేవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. చేపలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల, మోటారు బిగించిన పడవల వేటను ఏటా నిషేధిస్తున్నారు. వేసవి సెలవులు దాదాపు పూర్తిగా ఈ నిషేధంలోనే పడతాయి. కాబట్టి అప్పుడు హోటళ్లలో వంజరం, చందువా దొరికితే అవి ఐసులో నిలవ ఉన్నవో, పడమటి తీరం నుంచి వచ్చినవో కావచ్చు, రొయ్యలు చెరువులవి కావచ్చు. అడిగి తినడంలో తప్పులేదు. నిషేధం వర్తించని తెప్పలు, తెడ్ల పడవలు తెచ్చే కొద్దిపాటి చేపలే ఆ రెండు నెలల అసలు తాజా సరుకు. కొన్ని పల్లెల్లో తెల్లవారుజామున అలివి వల లాగుతారు: వలను నీటిలో అర్ధచంద్రాకారంగా విడిచి, రెండు కొసల తాళ్లను రెండు జట్లు ఒడ్డున నిలబడి, పాదాలు ఇసుకలో పాతుకుని, వెనక్కి అడుగులు వేస్తూ క్రమంగా ఒకరికొకరు దగ్గరవుతూ లాగుతాయి. చివరికి సంచిలాంటి నడిమి భాగం ఒడ్డెక్కినప్పుడు అందులో నెత్తళ్లు, కవ్వళ్లు మెరుస్తూ ఎగిరిపడతాయి. తాళ్ల మధ్యకు వెళ్లకుండా పక్కన నిలబడి చూసి, అక్కడే చేపలు కొనుక్కోవడం పిల్లలకు విద్య, జాలరి కుటుంబానికి ఆదాయం. నిషేధ కాలానికి ప్రభుత్వం ఆ కుటుంబాలకు భృతి ఇస్తున్నా, రెండు నెలలు వేట లేని ఇంటికి అది పూర్తిగా చాలదు. తాటిముంజలు, కొబ్బరిబొండాలు, వేటపాలెం జీడిపప్పు ఈ కాలంలో ఎలాగూ దొరుకుతాయి.

గోవా, కేరళలకు వెళ్లదలచిన తెలుగు కుటుంబాలు ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో వెళ్లిరావడం మంచిది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ 1 ప్రాంతంలో కేరళను, ఆ తరువాత కొద్ది రోజులకే గోవాను తాకుతాయి కనుక, మే చివరికే అరేబియా సముద్రం అల్లకల్లోలంగా మారుతుంది. బంగాళాఖాతానికి మే నెలలో ఉన్న భయం తుపాను. 1990 మే తుపాను కృష్ణా డెల్టాను ధ్వంసం చేసింది, 2010 మేలో లైలా బాపట్ల దగ్గర, 2022 మేలో అసని మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటాయి. అల్పపీడనం వార్త వినగానే టికెట్టు రద్దు చేసుకోవడానికి వెనుకాడకూడదు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు గురించి ఇచ్చే ముందస్తు అంచనాలు జాలర్లకే కాదు, యాత్రికులకూ ఉపయోగపడతాయి.

బస విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. సముద్రం కనిపించే గదికి ఎక్కువ చెల్లించే బదులు, నీడ, మంచినీరు, ఆసుపత్రి దగ్గరగా ఉన్న పట్టణంలో దిగి ఉదయం, సాయంత్రం తీరానికి వెళ్లిరావడం పెద్దలున్న కుటుంబానికి నయం. ఒడ్డునే ఉండదలచినవారికి పర్యాటక శాఖ హరిత రిసార్టులు ఉన్నాయి. రాత్రివేళ ఒడ్డున పెద్ద దీపాలు వెలిగించకపోవడం, ప్లాస్టిక్ వదలకపోవడం మాత్రం తప్పనిసరి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఈ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. వేసవిలో పిల్లలు బయటపడి, నీటి మీది సహజమైన వెలుగును గుర్తుపట్టి సముద్రం వైపు నడుస్తాయి, ఒడ్డు మీది దీపం వాటిని రోడ్డు వైపు తప్పిస్తుంది.

పంచాయతీలు, మున్సిపాలిటీలు ప్రతి స్నానాల తీరంలోను ప్రమాదకరమైన చోట్లు, రక్షకులు ఉండే వేళలు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డులు ఈ వేసవిలోనైనా పెట్టాలి. అవి వచ్చేవరకు కుటుంబాలు చేయగలిగింది ఒకటే: తీరానికి చేరగానే అక్కడి జాలరిని అడిగి, ఆయన వద్దన్న చోట దిగకుండా ఉండటం. అత్యవసర సహాయానికి 112, తీర భద్రతకు 1093 నంబర్లు బయలుదేరే ముందే ఫోనులో ఉంచుకోవాలి.